ఎంపీసీ గేటు దగ్గర

బంటుమిల్లిలో బస్సెక్కి పెడన మీదుగా పోతే బందరు. ఆ బందరు దగ్గరి సీతారామపురంలో 1991లో పుట్టారు బొల్లా శ్రీకాంత్. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చాక మనవాళ్లు చాలామంది కళ్లు తుడుచుకున్నారు, స్టేటస్‌లు పెట్టుకున్నారు. ఇంజినీరింగ్ చదివే మనం చూడాల్సింది మాత్రం ఆ కన్నీళ్ల భాగం కాదు, ఇంటర్ అడ్మిషన్ భాగం.

శ్రీకాంత్‌కి పుట్టుకతోనే చూపు లేదు. అమ్మానాన్నలు వ్యవసాయం చేసుకునేవాళ్లు, చదువుకోలేదు. ఊరి బడిలో వెనక బెంచీ. తర్వాత హైదరాబాద్‌లో అంధ విద్యార్థుల బడి. పది మంచి మార్కులతో పాసై సైన్సు గ్రూపు అడిగితే, కుదరదు, ఆర్ట్స్ తీసుకోమన్నారు. బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి, చూడకుండా ఎలా చదువుతావని వాళ్ల ప్రశ్న. కోర్టుకెళ్లారు. నెలల తరబడి తిరిగాక అనుమతి వచ్చింది. పాఠాలు ఆడియోగా విని చదివి 98 శాతం తెచ్చుకున్నారు.

ఈ గేటు ఎక్కడుందో గమనించండి. ఎంపీసీ లేకపోతే ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్ లేదు, జేఈఈ లేదు. అంటే పదిహేనేళ్ల వయసులోనే లెక్క తేలిపోతుంది. తర్వాత ఏ కాలేజీ ప్రిన్సిపాల్‌ని అడిగినా 'మా దగ్గరికి అలాంటివాళ్లు అప్లై చెయ్యరండీ' అంటారు. అది అబద్ధమూ కాదు! ఇంటర్ అయ్యాక కూడా ఐఐటీ కోచింగ్ సెంటర్లు ఆయన్ని చేర్చుకోలేదు. అమెరికాలో ఎంఐటీ సీటిచ్చింది. అక్కడ మేనేజ్‌మెంట్ చదివి, 2012లో తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. వక్క ఆకు ప్లేట్లు, కాగితం ప్యాకింగు తయారుచేసే ఆ సంస్థలో వికలాంగులకి ఉద్యోగాలిచ్చారు. సంతోషమే. కానీ సైన్సు కోసం కోర్టుదాకా వెళ్లిన మనిషి ఇక్కడ ఇంజినీరు కాలేదన్నది కూడా ఈ కథలో ఉంది.

ఇంజినీరింగ్‌లో ఇలాంటి గేటు కొత్తేం కాదు. 1940లో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరిన అయ్యలసోమయాజుల లలిత మన తెలుగావిడే. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పాప. నాన్న పప్పు సుబ్బారావు గారు అదే కాలేజీలో ప్రొఫెసర్ కాబట్టి అడగగలిగారు, ప్రిన్సిపాల్ చాకో ఒప్పుకున్నారు. అడిగేవాళ్లు లేని అమ్మాయిల సంగతేమిటి? డిగ్రీ పట్టా మీద 'అతడు' అని అచ్చై ఉంటే కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాసిచ్చారు. తర్వాత ఆవిడ భాక్రా నంగల్ జనరేటర్ల పని చేశారు. ఇవాళ మన కౌన్సెలింగులో ప్రతి కేటగిరీలోనూ అమ్మాయిలకి 33⅓ శాతం సీట్లున్నాయి. ఇప్పుడు ప్రొఫెసర్ కూతురే కానక్కర్లేదు, కౌలు రైతు కూతురైనా చాలు.

వికలాంగులకీ 2016 చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉంచాలంటుంది. పరీక్షలో స్క్రైబ్‌ని పెట్టుకోవచ్చు, గంటకి 20 నిమిషాలు అదనం. అయితే సీటు వేరు, చదువు వేరు. చూపు లేని విద్యార్థి కంప్యూటర్‌ని స్క్రీన్ రీడర్‌తో వింటాడు. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. కానీ మనం వాట్సాప్‌లో పంచుకునే నోట్స్ సంగతి? సీనియర్ రాసిన పేజీని ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తాం. దానికి అది ఒట్టి బొమ్మ. ఈక్వేషన్ని స్క్రీన్‌షాట్‌గా అతికిస్తే అక్కడ 'ఇమేజ్' అని చెప్పి ముందుకెళ్తుంది. లేటెక్‌లోనో మ్యాథ్ఎంఎల్‌లోనో టైపు చేస్తే ఇంటిగ్రల్ గుర్తుతో సహా చదివే దారి ఉంది.

తెలుగుతో ఇంకో తిరకాసు. డీటీపీ వాళ్లు ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్ కావు. పేజీ మీద అందమైన తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. మన పత్రికల్లాంటివాటిని పరీక్షించడం తేలికే. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చెయ్యండి. తెలుగు వస్తే సరే. చెత్త వస్తే, స్క్రీన్ రీడర్‌కి వినిపించేదీ ఆ చెత్తే.