ఇంటి కంప్యూటర్‌కు వైరస్ సోకితే ఏం చేయాలి? ఏం చేయకూడదు?

2017 మే 12, శుక్రవారం. ‘వానాక్రై’ అనే హానికర ప్రోగ్రాము కొద్ది గంటల్లోనే ఖండాలు దాటింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో అనేక ఆసుపత్రులు వైద్య సేవలను వాయిదా వేయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు విభాగాల్లోనూ కొన్ని కంప్యూటర్లు స్తంభించాయి. ఫైళ్లకు తాళం పడిందని, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లిస్తేనే తెరుచుకుంటాయని తెరపై హెచ్చరిక కనిపించింది.

వానాక్రై విండోస్‌లోని ఒక లోపం ద్వారా చొరబడింది. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నప్పటికీ దానిని అమర్చుకోని యంత్రాలు చిక్కుల్లో పడ్డాయి. ఈ పాఠం ఇళ్లకు మరింతగా వర్తిస్తుంది. పెద్ద కార్యాలయాల్లో కంప్యూటర్ల బాగోగులు చూసేందుకు ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఇంట్లో ఆ బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉండదు. పిల్లల ఫొటోలు, పింఛను పత్రాలు, దస్తావేజుల నకళ్లు మాత్రం ఆ ఒక్క యంత్రంలోనే ఉంటాయి.

గుర్తించడం ఎలా?

కంప్యూటర్ నెమ్మదించినంత మాత్రాన వైరస్ సోకిందని నిర్ధారించలేము. డిస్క్ నిండిపోయినా, యంత్రం పాతబడినా వేగం తగ్గుతుంది. అయితే ప్రకటనలు వాటంతట అవే తెరుచుకోవడం, బ్రౌజర్ మొదటి పేజీ మారిపోవడం, ఎవరూ ఆపకుండానే యాంటీవైరస్ ఆగిపోవడం, ఫైళ్ల పేర్ల చివర కొత్త అక్షరాలు చేరడం అనుమానించవలసిన లక్షణాలు.

“మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి” అంటూ తెరపై కనిపించే సందేశం మాత్రం మోసమే. తన హెచ్చరిక సందేశాలలో ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే, సాయం చేస్తామంటూ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్‌ను అమర్చుకోమంటారు. దానితో యంత్రం మోసగాళ్ల చేతికి చిక్కుతుంది. అటువంటప్పుడు ఫోన్ చేయకుండా బ్రౌజర్‌ను మూసివేయాలి. అది మూతపడకపోతే కంప్యూటర్‌ను ఆపి, తిరిగి ప్రారంభించాలి.

మొదట ఇంటర్నెట్ తొలగించాలి

అనుమానం కలిగిన వెంటనే వైఫై ఆపివేయాలి, కేబుల్ ఉంటే తీసివేయాలి. దీనివల్ల సమాచారం బయటకు పోవడం, ఇంట్లోని ఇతర పరికరాలకు వైరస్ పాకడం ఆగుతాయి. పెన్‌డ్రైవ్‌లను, విడి హార్డ్‌డిస్క్‌లను కూడా తొలగించాలి. శుభ్రపరిచే వరకు ఆ యంత్రంలో బ్యాంకు ఖాతాను గాని, ఈమెయిల్‌ను గాని తెరవకూడదు.

తరువాతి పని తనిఖీ. విండోస్ 10, 11లలో ఉండే విండోస్ సెక్యూరిటీ ద్వారా పూర్తి స్కాన్ చేయవచ్చు. వైరస్ మొండిగా ఉంటే అందులోనే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్‌ను ఎంచుకోవాలి. పని చేస్తున్న వైరస్ తనను తాను దాచుకోగలదు. ఆఫ్‌లైన్ స్కాన్ విండోస్ పూర్తిగా మేల్కొనక ముందే జరుగుతుంది కనుక ఆ అవకాశం బాగా తగ్గుతుంది. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లను నడపడం మంచిది కాదు. అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి.

కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వైరస్‌లను తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తోంది. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దీనిని నిర్వహిస్తోంది. ఈ సాధనాలను వైరస్ లేని మరో కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసుకోవడం శ్రేయస్కరం.

శుభ్రపరిచిన తరువాత

వైరస్ పోయినా, అది అప్పటికే పాస్‌వర్డ్‌లను దొంగిలించి ఉండవచ్చు. అందుచేత సురక్షితమైన మరో పరికరం నుంచి ముందుగా ఈమెయిల్, ఆపై బ్యాంకు పాస్‌వర్డ్‌లను మార్చాలి. ఇతర ఖాతాల పాస్‌వర్డ్‌లను మార్చేందుకు ఈమెయిలే మార్గం కనుక దానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఖాతాలో సొమ్ము పోయినట్లు గమనిస్తే వెంటనే బ్యాంకుకు తెలియజేసి, 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఈ సహాయ నంబరు దేశమంతటా పనిచేస్తుంది. విజయవాడ, వరంగల్ వాసులతో పాటు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, కుమ్హారి వంటి చోట్ల నివసించే తెలుగువారు కూడా దీనినే ఆశ్రయించవచ్చు. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, సొమ్మును మోసగాళ్ల ఖాతాలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ఫైళ్లకు తాళం పడితే

వానాక్రై వంటి రాన్సమ్‌వేర్ విషయంలో స్కాన్ చేస్తే వైరస్ పోవచ్చు గాని, తాళం పడిన ఫైళ్లు తెరుచుకోవు. సొమ్ము చెల్లించినా అవి తిరిగి వస్తాయన్న హామీ లేదు. డచ్ పోలీసులు, యూరోపోల్, మరో రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైట్‌లో కొన్ని రకాల తాళాలకు ఉచిత తాళంచెవులు లభిస్తాయి. ఈ రోజు లేని తాళంచెవి కొంతకాలానికి దొరకవచ్చు. కాబట్టి ఆ ఫైళ్లను చెరిపివేయకుండా విడిగా భద్రపరచడం మేలు.

ఏ ఉపాయమూ ఫలించనప్పుడు డిస్క్‌ను పూర్తిగా చెరిపి, విండోస్‌ను తిరిగి అమర్చుకోవడమే చివరి మార్గం. ముఖ్యమైన ఫైళ్లకు మరో ప్రతి ఉన్నవారికి ఇది ఒక పూట పని. లేనివారికి ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు, పత్రాలు పోయినట్లే. ఆ ప్రతిని విడి హార్డ్‌డిస్క్‌లో ఉంచి, పని పూర్తి కాగానే దానిని కంప్యూటర్ నుంచి వేరు చేయాలి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్క్‌కు కూడా వైరస్ తాళం వేయగలదు.

ముందుజాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అప్‌డేట్‌లను వాయిదా వేయకూడదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక దానిని వాడుతున్నవారు కొత్త రూపానికి మారడం మంచిది. దొంగచాటుగా పంచే సాఫ్ట్‌వేర్‌లను దూరంగా ఉంచాలి. జిరాక్స్ దుకాణంలో వాడి తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేసిన తరువాతే తెరవాలి. నెలకొకసారి ఫైళ్ల ప్రతిని తీసే పనిని ఇంట్లో ఒకరు బాధ్యతగా స్వీకరిస్తే, వైరస్ సోకినా పోయేది కొంత సమయం మాత్రమే.