మాత్ర మొదలుపెట్టిన తొలి మూడు నెలలు

మానసిక జబ్బులకిచ్చే నరాల మందులు వాడితే ఒళ్ళొస్తుందన్న మాట గుంటూరు దగ్గర నల్లపాడు వైపు కొత్తేమీ కాదు, అబద్ధమూ కాదు. అయితే అన్ని మందులదీ ఒకే లెక్క కాదు. ఒలాంజపిన్, క్లోజపిన్ బరువును బాగా పెంచుతాయి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ ఓ మోస్తరు. అరిపిప్రజోల్, లురాసిడోన్ తక్కువ. బైపోలార్ జబ్బుకిచ్చే వాల్‌ప్రోయేట్, లిథియం, డిప్రెషన్‌కిచ్చే మిర్టజపిన్ కూడా పెంచేవే.

కడుపు నిండిందని మెదడుకు తెలియాలంటే హిస్టమిన్, సెరటోనిన్ సంకేతాలు అందాలి. ఈ మందుల్లో కొన్ని వాటికి అడ్డుపడతాయి. దాంతో అన్నం తిని లేచిన కాసేపటికే మళ్ళీ ఆకలి. పైగా మగత, కదలబుద్ధి కాదు. నోరు ఎండిపోతుంటే కూల్‌డ్రింకు తాగాలనిపిస్తుంది. ఇదంతా మందు చేసే పని. "నోరు కట్టుకోవచ్చుగా" అని ఇంట్లోవాళ్ళు దెప్పడం అన్యాయం.

గుంటూరు మిర్చియార్డులో టిక్కీని, అంటే మిర్చి బస్తాను, కాటా వేయకుండా బేరం తెగదు. మాత్ర మొదలుపెట్టే మనిషి బరువు మాత్రం ఎవరికీ పట్టదు. అమెరికా మధుమేహ, మానసిక వైద్య సంఘాలు 2004లోనే ఒక పద్ధతి చెప్పాయి: మొదలుపెట్టేముందు బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి, 4, 8, 12 వారాలకు మళ్ళీ బరువు చూడాలి. 5 శాతం పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు పెరిగితే, మందు మార్చే ఆలోచన చేయాలి. బరువు వేగంగా పెరిగేది ఎక్కువగా ఈ తొలి నెలల్లోనే. పదిహేను కిలోలు పెరిగాక దించడం కష్టం.

డాక్టరు మందు మార్చవచ్చు, లేదా మెట్‌ఫార్మిన్ జోడించవచ్చు. అది షుగర్ మాత్రే అయినా ఈ బరువును కొన్ని కిలోలు తగ్గిస్తుంది. సొంతంగా కొని వేసుకునేది మాత్రం కాదు, కిడ్నీ పరీక్ష చూసుకోవాలి.

ఇంట్లో అయితే రెండోసారి అన్నం బదులు పప్పు, కూర ఎక్కువ పెట్టండి. కూల్‌డ్రింకు స్థానంలో మజ్జిగ ఇవ్వండి. బజ్జీల పొట్లం ఇంటికి తేకపోవడం ఇంటిల్లిపాది పాటించాల్సిందే. రోగికొక్కడికే పథ్యం పెడితే అతనికి అవమానంగా ఉంటుంది. నడక మంచిదే కానీ మన మే నెలలో ఎండ ఎక్కకముందే ముగించాలి. లిథియం వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. చెమటకు ఒంట్లో నీరు తగ్గినా, సన్నబడాలని ఉన్నట్టుండి ఉప్పు మానేసినా రక్తంలో ఆ మందు పెరిగి విషంగా మారవచ్చు.

ఒళ్ళొస్తోందని చెప్పాపెట్టకుండా మాత్ర మానేయడం అన్నిటికన్నా ప్రమాదం. మానిన కొత్తలో మనిషి హుషారుగానే కనిపిస్తాడు, మోసపోయేది అక్కడే. జబ్బు వారాలకో నెలలకో తిరగబెట్టవచ్చు. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్ళలేనివాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఓపీలో దొరికేది కాస్త సమయమే కనుక, నెలనెలా రాసుకున్న బరువు చీటీ ముందు డాక్టరు చేతికివ్వండి, మిగతా మాటలు తర్వాత.