అర్జీ వినేదెవరు? ఆదిలాబాదు అనుభవం

పాత ఉర్దూ కాగితాలు చదివించుకోవడానికి మా ఇంటికి అప్పుడప్పుడు మనుషులు వస్తూంటారు. సేత్వారు నకళ్ళు, ఖాస్రా పహాణీలు, శిస్తు రసీదులు తెస్తారు. షికస్తా రాత చదవగలవారు ఈ జిల్లాలో రానురాను తగ్గిపోతున్నారు. కొన్ని సంవత్సరాల క్రితం ఉట్నూరు వైపు నుండి ఒక గోండు పెద్దాయన పాలిథిన్ సంచిలో భద్రంగా చుట్టిన కాగితం ఒకటి తెచ్చాడు. "మౌల్వీ సాబ్, గిది మా తాత పట్టా కాయిదం, జర సదివి చెప్పుండ్రి" అన్నాడు.

చదివాను. అది పట్టా కాదు. 1347 ఫస్లీలో, అనగా 1937-38లో, ఒక తాలూకా కచేరీకి పెట్టుకున్న అర్జీకి నకలు. సగం పేజీ నిండా పాలకుల బిరుదులు, దీవెనలు. అర్జీదారు తనను "ఫిద్వీ" అని చెప్పుకున్నాడు. తమకై ప్రాణమిచ్చు దాసుడని దాని అర్థం. అసలు సంగతి చివరి రెండు పంక్తులలోనే ఉంది: తాము పొదలు నరికి బాగుచేసిన చేను మరొకరి పేర పట్టా అయినదని, విచారించవలెనని. కింద "వేలిముద్ర" అన్న మాట. అంచున ఒక అధికారి ఉత్తర్వు: నివేదిక తెప్పించవలెను. అంతే.

అనువాదం నా వృత్తి కనుక ఆ రెండు పంక్తుల మీద నా చూపు నిలిచిపోయింది. అవి ఆ తాత మాటలు కావు. ఆయన గోండీలో చెప్పి ఉంటాడు. మధ్యన ఎవరో తెలుగులోకో మరాఠీలోకో మార్చి ఉంటారు. అర్జీనవీసు దానిని ఉర్దూలో పెట్టాడు. ఇన్ని చేతులు మారిన తరువాత ఆయన బాధలో ఎంత మిగిలిందో అల్లాహ్‌కే ఎరుక.

మనం తెలుగులో వాడే "ఫిర్యాదు" అనే మాట ఫారసీ "ఫర్యాద్" నుండి వచ్చింది. దానికి మూలార్థం ఆక్రందన, మొర. కచేరీలలో నలిగి నలిగి అది ఒక కాగితం పేరుగా మిగిలింది. ఇస్లామీయ రాజనీతి గ్రంథాలలో మాత్రం ఆ మొరకు ప్రత్యేకమైన న్యాయస్థానమే ఉండేది. దానిని "మజాలిమ్" అన్నారు. క్రీ.శ. 1058లో మరణించిన అల్-మావర్దీ తన "అల్-అహ్‌కాముస్సుల్తానియ్య"లో దానికి ఒక అధ్యాయం కేటాయించి, అక్కడ విచారించదగిన విషయాలను పది రకాలుగా విభజించాడు. అధికారులు ప్రజలపై చేసే దౌర్జన్యం, పన్నుల వసూలులో అన్యాయం, దివాను గుమాస్తాల అక్రమాలు: ఈ మొదటి మూడింటికి ఫిర్యాదుదారు రానక్కరలేదని, పాలకుడు తనంతట తానే విచారించవలెనని ఆయన చెప్పాడు. పాఠకులు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి. మొర పెట్టుకోలేనివాడు ఉంటాడని ఆయనకు తెలుసు.

సల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ తన "సియాసత్‌నామా"లో ఒక చెవిటి రాజు కథ చెప్పాడు. ప్రజల మాటలను తనకు అందించే మధ్యవర్తులు ఉన్నదున్నట్టు చెప్పరేమోనని ఆ రాజుకు దిగులు పట్టుకుంది. అన్యాయానికి గురైనవారు తప్ప మరెవ్వరూ ఎర్ర బట్టలు కట్టరాదని చాటించాడు. బయట మైదానంలో ఎర్ర బట్టలు కనిపించగానే వారిని ఒక్కొక్కరినే పిలిపించి బిగ్గరగా చెప్పించుకునేవాడట. ఆ రాజుకు ప్రజల భాష వచ్చు. చెవులు మాత్రమే పనిచేయలేదు. మన ప్రాంతంలో సంగతి తారుమారు. చెవులున్నాయి, భాష లేదు.

ఆసఫ్‌జాహీ ప్రభుత్వం భాషను నిర్లక్ష్యం చేసినదనడానికి వీలులేదు. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా నెలకొల్పి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు శాస్త్ర గ్రంథాలెన్నింటినో ఉర్దూలోకి అనువదింపజేసింది. ఆ పనిని గౌరవించనివాడు అనువాదకుడే కాడు. అయితే ఇంగ్లీషు గ్రంథాలకు ద్వారం తెరిచిన ఆ రాజ్యంలో గోండీ మాటకు ద్వారం లేకపోయింది. గోండులు ఒక చేను కొన్నేళ్ళు దున్ని, బీడు వదిలి, మళ్ళీ దాని వద్దకే వచ్చేవారు. రెవెన్యూ పద్ధతి దృష్టిలో బీడు అంటే ఎవరూ లేని భూమి. కచేరీ భాష, కచేరీ దారి తెలిసినవారు వచ్చి దానికి పట్టా తీసుకున్నారు. మరొక వైపు అడవిని రిజర్వు చేసి గీత గీశారు. గీత లోపల పడ్డ పల్లెలను ఖాళీ చేయమన్నారు. అప్పులిచ్చి పీడించినవారిలో రోహిల్లాలు, అరబ్బులు కూడా ఉన్నారు. మనవారి పాలన అని మురిసిపోయే మిత్రులు ఈ సంగతిని దాటవేయడం నాకు నచ్చదు.

కొమురం భీము తుపాకి పట్టడానికి ముందు వినతులున్నాయి. పోడు చేసుకోనివ్వమని, పల్లెను ఉండనివ్వమని అడిగిన మాటలున్నాయి. 1940లో జోడేఘాట్ గుట్టలలో పోలీసు కాల్పులలో ఆయన, ఆయన అనుచరులు మరణించారు. ఆ తరువాత గాని ఈ ప్రజల బాధ ఏమిటో తెలుసుకోవాలని ప్రభుత్వానికి తోచలేదు. అందుకు ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో నివాసమేర్పరచుకుని గోండీ నేర్చుకున్నాడు. ఫిర్యాదును దాని సొంత భాషలో విన్నాడన్నమాట. గిరిజనుల తిరుగుబాట్లు దిక్కుతోచని స్థితిలో చేసిన ఆత్మరక్షణ ప్రయత్నాలని, వారి కష్టాలను సకాలంలో గుర్తిస్తే వాటిని నివారించగలిగేవారని ఆయన నిర్ధారించాడు. అది ప్రభుత్వం ఖర్చుతో, ప్రభుత్వాన్నే తప్పుపట్టిన విమర్శ. ఆయన నివేదికలు 1945లో పుస్తకంగా వెలువడ్డాయి.

ఈసారి ప్రభుత్వం విన్నది. రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న గ్రిగ్సన్ వంటివారు అండగా నిలిచారు. గిరిజనులకు లక్ష ఎకరాలకు మించిన భూమికి పట్టాలు లభించాయి. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలయింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. చనిపోయినవారు తిరిగి రాలేదు గాని, కోరినవి అసాధ్యమైనవి కావని మాత్రం తేలిపోయింది. నివేదిక తెప్పించవలెనన్న ఉత్తర్వుకు నిజంగా నివేదిక వస్తే ఏమవుతుందో ఆ నాలుగైదు సంవత్సరాలు చూపాయి.

అయితే దోషమంతా భాషదేనా? కాదు. షోయబుల్లా ఖాన్ ఉర్దూ పత్రికా రచయిత. రాజ్యం భాషే ఆయన భాష. "ఇమ్రోజ్" పత్రికలో రజాకార్ల దౌర్జన్యాన్ని, ప్రభుత్వ ధోరణిని ఖండిస్తూ రాశాడు. ఆయన మాటకు అర్జీనవీసు అక్కరలేదు, దుబాసీ అక్కరలేదు. 1948 ఆగస్టులో హైదరాబాదులో దుండగులు ఆయన చేయి నరికి చంపివేశారు. వినదలచనివాడికి మాట ఎంత స్పష్టంగా అర్థమైతే అంత కోపం వస్తుంది. పాలకుని ఎదుట న్యాయమైన మాట పలకడానికి హదీసు ఇచ్చిన స్థానం మన పాఠకులకు తెలిసినదే. అటువంటి మాట పలికిన ఒక ముస్లిం యువకుని పేరు మన సభలలో ఎంత అరుదుగా వినిపిస్తుందో కూడా తెలిసినదే.

రాజరికం పోయింది, ప్రజాస్వామ్యం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1970లో 1వ రెగ్యులేషన్ నిర్ద్వంద్వంగా చెప్పింది. 1988లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. చట్టం ఇంత గట్టిగా ఉండగా భూమి మాత్రం జారిపోతూనే వచ్చింది. హైమెన్‌డార్ఫ్ 1970లలో తిరిగి వచ్చినప్పుడు, తన కాలంలో గోండులకు దక్కిన భూములు పరుల చేతిలో ఉండడం చూశాడు. 1982లో వెలువడిన పుస్తకంలో ఆ బాధను దాచుకోలేదు.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. భూములకు పట్టాలు, పంటకు గిట్టుబాటు ధర, వడ్డీ వ్యాపారుల నుండి రక్షణ: కోరికలు ఇవే. సభకు అనుమతి లేదన్నారు, 144వ సెక్షన్ పెట్టారు. ఆ సంగతి తెలియని పల్లెల నుండి, అంగడికీ సభకూ కలిసి జనం వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. పౌరహక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లు చెప్పాయి. మృతుల లెక్కపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. నిషేధాజ్ఞ వారికి తెలిసిన భాషలో, వారి గూడెంలో ఎవరైనా చాటారా అన్నది నా వంటివానికి మొదట తోచే ప్రశ్న. అక్కడి స్థూపం వద్ద నివాళి అర్పించడానికి కూడా ఆ తరువాత ఏళ్ళ తరబడి ఏటా ఆంక్షలు విధించారు. దుఃఖాన్ని సైతం ఫిర్యాదుగానే పరిగణించారు.

2006 నాటి అటవీ హక్కుల చట్టంలో నాకు మెచ్చదగినదిగా కనిపించేది ఒకటుంది. హక్కు కోరేవాడి దరఖాస్తు మొదట గ్రామసభకే పోవాలి. అంటే మొట్టమొదట వినేది ఇరుగుపొరుగువారే, వారి భాషలోనే. ఆ తరువాతి మెట్లు మాత్రం మళ్ళీ కచేరీలవే. 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీని ఆసిఫాబాదు నుండే ఆరంభించారు; రాష్ట్రం మొత్తం మీద దాదాపు 4 లక్షల ఎకరాలన్నారు. సంతోషమే. కలెక్టరేటులో సోమవారం ప్రజావాణి జరుగుతుంది. చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసే మనిషిని నేను అనేకమార్లు చూశాను. ఇప్పుడు "ఫిద్వీ" అన్న మాట లేదు, "మహారాజశ్రీ కలెక్టర్ గారి దివ్య సముఖమునకు" అని ఉంది. ఎదుట కూర్చున్న కొలాం స్త్రీ ఎంతోసేపు చెప్పింది. అతడు నాలుగు పంక్తులు రాశాడు.

ఆ పెద్దాయనకు ఇది పట్టా కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. కాసేపు ఊరకున్నాడు. "మరి మా తాత ఏమడిగిండు?" అన్నాడు. ఆ రెండు పంక్తులను తెలుగులో చెప్పాను. ఆయన వాటిని గోండీలో మనుమడికి చెప్పాడు. నా రెండు పంక్తులు ఆయన నోట చాలాసేపు సాగాయి. తరువాత ఆ కాగితాన్ని మళ్ళీ సంచిలో చుట్టుకుని, నా చేత దాని తెలుగు తర్జుమా రాయించుకుని, ప్రజావాణి ఎన్ని గంటలకు మొదలవుతుందని అడిగాడు.