లేత పసుపా? ముదురు నీలమా?

ఇంటికి రంగులు అనగానే డబ్బు సంగతి కన్నా ముందు ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. కరీంనగర్‌లో మాది పడమటి ఎండ కొట్టే గది. అందులో మా అత్తమ్మ పడుకుంటారు, మా అమ్మాయి చదువుకుంటుంది. అమ్మాయికి ముదురు నీలమే కావాలి. చూపు మసకబారిన అత్తమ్మకేమో లేత పసుపు. ఒకరికి ఊఁ అంటే ఇంకొకరికి అలక!

ముదురు రంగు వెలుతురును మింగేస్తుంది, లేత రంగు తిప్పి పంపుతుంది. నాలుగు గోడలూ ముదురైతే పట్టపగలే లైటు వేసుకోవాలి. అలాగని లోపల లేత రంగు వేస్తే గది చల్లబడుతుందనుకోకండి. వేడి వచ్చేది ఎండ పడే స్లాబు నుంచి, బయటి గోడ నుంచి. 40 డిగ్రీలు దాటే మన ఎండలకు తెల్లరంగు వేయాల్సింది అక్కడ. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే.

మన పాత ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. పైన తెల్లటి సున్నం, అడుగున ఎర్రటి జాజు. చెయ్యి, చీపురు తగిలే చోట మురికి కనపడదు, పైన వెలుతురుకు లోటు లేదు. రెండు రంగుల తగువు పెద్దవాళ్ళు ఎప్పుడో తీర్చేశారన్నమాట!

అందుకే మేమూ మూడు గోడలకు లేత పసుపు, చదువు బల్ల వెనక గోడకు నీలం ఖాయం చేసుకున్నాం. దర్వాజకూ నీలమే. లేత గోడ మధ్య ముదురు దర్వాజ ఉంటే, చూపు తక్కువైన వాళ్ళు రాత్రి లేచినప్పుడు దారి తేలిగ్గా పోల్చుకుంటారు.

మీరు రంగు కొనేముందు షేడ్ కార్డు ఒక్కటే చూసి ఒప్పుకోకండి. చిన్న డబ్బా తెచ్చి, గోడ మీద రెండడుగుల మేర రెండుసార్లు వేయించి ఆరనివ్వండి. పొద్దున, సాయంత్రం, ట్యూబులైటు వెలుగులో చూడండి. ఒకే రంగు మూడు రకాలుగా కనిపిస్తుంది. గోడకు చెమ్మ ఉంటే ముందు అది బాగుచేయించాలి, లేకుంటే ఏ రంగైనా పొక్కులు లేస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి రంగు గీకించేటప్పుడు చిన్నపిల్లలను, గర్భిణులను ఆ దరికి రానీయకండి. గోడ తడిపి గీకించి, తడిగుడ్డతో తుడిపించండి.

పని అయ్యాక మిగిలిన రంగు పారేయకండి. మూత బిగించి, షేడు నంబరు రాసి దాచండి. గోడకు గీత పడ్డనాడు అక్కరకొస్తుంది.