ఎగుసి ఉంది, పౌండెడ్ యామ్ అయిపోయింది

నైజీరియన్ హోటల్లో తిని వచ్చినవాళ్ల మాటలు వింటే, వీళ్లంతా ఒకే చోటికి వెళ్లారా అని అనుమానం వస్తుంది. ఒకరు అమ్మ చేతి వంట గుర్తొచ్చిందంటారు. పక్క టేబుల్ ఆయన గంటసేపు కూర్చోబెట్టి, చివరికి అడిగింది లేదన్నారని మండిపడతాడు. ఒకరికి నోరు మండిపోతుంది, మరొకరు కారమే లేదని పెదవి విరుస్తారు. లండన్‌లోని పెకమ్‌లోనైనా, అమెరికాలో హ్యూస్టన్‌లోనైనా ఇవే మాటలు. ఈ ఫిర్యాదుల్లో కొన్ని న్యాయమైనవే. మిగతావాటికి కారణం మాత్రం ఆ వంట వండే తీరులో, అమ్మే తీరులో ఉంది.

నైజీరియాలో బయట తినడమంటే మొదట గుర్తొచ్చేది బుకా. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, వరసగా పెద్ద పెద్ద గిన్నెలు. నడిపేది ఎక్కువగా ఆడవాళ్లే. అందుకే దానికి ‘మామా పుట్’ అని ముద్దుపేరు. అక్కడ మెనూ కార్డు ఉండదు. గిన్నెల ముందు నిలబడి, కావలసింది వేలితో చూపించాలి. ముద్ద ఎన్ని పొట్లాలు, మాంసం ఎన్ని ముక్కలు అన్న లెక్క మీదే డబ్బు. పులుసు పొద్దున్నే వండేస్తారు, గిన్నె అడుగంటితే ఆ పూటకు అంతే.

ఈ పద్ధతినే తీసుకెళ్లి టేబుళ్లు, మెనూ కార్డు ఉన్న హోటల్లో పెడితే ఏమవుతుందో ఊహించండి. కార్డు మీద ఆ వంటింటికి తెలిసిన వంటలన్నీ ఉంటాయి, గిన్నెల్లో ఆ రోజు వండినవే ఉంటాయి. ఎగుసి పులుసు ఉంది గానీ అందులో ముంచే పౌండెడ్ యామ్ ముద్ద అయిపోయిందనీ, మేక మాంసం లేదు గానీ చేప ఉందనీ చెప్పేది ఇందుకే. నైజీరియన్లు దీనిమీద తామే జోకులు వేసుకుంటారు. అలవాటైనవాళ్లు కార్డు తెరవకుండానే ‘ఇవాళ ఏమున్నాయి?’ అని అడుగుతారు. బిల్లు చూసి ఉలిక్కిపడటానికీ మూలం ఇక్కడే ఉంది. చాలాచోట్ల పులుసుకో రేటు, ముద్దకో రేటు, ముక్కలకో రేటు. ఆ ముక్కల్లోనూ రకాలు: బోటిని షాకీ అంటారు, ఉడకబెట్టిన ఆవు తోలు పోన్మో. ‘అసార్టెడ్’ అని ఆర్డరిస్తే ఇవన్నీ కలిపి వస్తాయి. మెత్తటి కండ ముక్కలొస్తాయనుకున్నవాళ్లు అక్కడే కంగుతింటారు.

ఇక ముద్ద సంగతి. పులుసులో ముంచి మింగే ముద్దలన్నిటినీ కలిపి వాళ్లు ‘స్వాలో’ అంటారు. పెండలం జాతి దుంపను ఉడికించి రోట్లో దంచితే పౌండెడ్ యామ్. ఆ దుంపనే ఎండబెట్టి, పిండి కొట్టి, వేడినీళ్లలో గెలికితే గోధుమరంగు అమాలా. కర్రపెండలం తురుమును పులియబెట్టి వేయిస్తే గారి, గారిని వేడినీళ్లలో కలిపితే ఎబా. పెండలం, కర్రపెండలం రెండూ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించే దేశం నైజీరియా, కాబట్టి ఆ భోజనానికి ఇవే ఆధారం. చేయి కడుక్కోవడానికి గిన్నెలో నీళ్లు తెచ్చి పెడతారు. కుడిచేత్తో నిమ్మకాయంత ముద్ద తుంచి, బొటనవేలితో చిన్న గుంట నొక్కి, పులుసు అందుకుని నోట్లో వేసుకోవాలి. నమలరు. రాగి సంగటిని నాటుకోడి పులుసుతో తిన్న రాయలసీమవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఫోర్కుతో పొడిచి, పిండిముద్ద కొరికినట్టు కొరికి, రుచీపచీ లేదని పక్కకు నెట్టేసేవాళ్ల మాట నేను పట్టించుకోను. ముద్దకు రుచి ఉండాలని ఎవరూ అనుకోరు, రుచంతా పులుసుదే.

కొత్తవాళ్లను భయపెట్టేదీ ఆ పులుసే. బెండకాయ, ఓగ్బోనో గింజలు, ఎవెడూ ఆకు వేసి చేసేవి జిగురుగా తీగ సాగుతాయి. బెండకాయలో జిగురు పోయేదాకా వేయించే మనకు అది మింగుడుపడటం కష్టమే. అక్కడ మాత్రం ఆ జిగురు కోసమే వండుతారు, ముద్ద గొంతులో జారాలి కదా. మొదటిసారైతే ఎగుసితో మొదలుపెట్టడం మంచిది. పుచ్చ జాతి గింజలు నూరి, ఎర్రటి పామాయిల్‌లో ఆకుకూరతో ఉడికిస్తారు. చూడటానికి విరిగిన కోడిగుడ్డు కూరలా కనిపించినా చిక్కగా, కమ్మగా ఉంటుంది. వాసన ఘాటుగా తగిలితే అది పులియబెట్టిన ఇరూ గింజలదో, నార్వే నుంచి వచ్చే ఎండు కాడ్ చేపదో అయి ఉంటుంది.

కారం, పొగ వాసనల విషయంలో గొడవ తెగేది కాదు. జొలోఫ్ రైస్‌లో టమాటా, ఎర్ర క్యాప్సికమ్‌తో పాటు స్కాచ్ బానెట్ మిరప కూడా నూరి వేస్తారు. గిన్నె అడుగు కాస్త మాడి, అన్నానికంతా పొగ వాసన పట్టాలి. పెళ్లిళ్లలో కట్టెల పొయ్యి మీద వండే జొలోఫ్‌కు అంత పేరు అందుకే. ఇళ్లకు దూరంగా ఉన్న నైజీరియన్లు ఆ వాసన కోసం వస్తారు. అది లేకపోతే తెల్లవాళ్ల కోసం వండారంటారు. కొత్తవాళ్లు అదే పళ్లెం ముందు పెట్టుకుని మాడిపోయిందంటారు. ఇద్దరినీ ఒకేసారి మెప్పించడం ఏ వంటవాడికీ సాధ్యం కాదు.

అలాగని ఆలస్యాన్నీ విసురుగా మాట్లాడటాన్నీ సంస్కృతి పేరుతో వెనకేసుకు రానక్కర్లేదు. ముద్ద అప్పటికప్పుడు గెలకాలి, నిప్పుల మీద చేప కాల్చాలి, వాటికి సమయం పడుతుంది. కానీ ఎంతసేపు పడుతుందో చెప్పడానికి నిమిషం చాలు. కూర్చున్న అరగంటకు వచ్చి ఆర్డరిచ్చింది లేదనడం ఏ దేశంలోనైనా అమర్యాదే. ఇలాంటి చోట్ల అందరికంటే గట్టిగా తిట్టేది నైజీరియన్ కస్టమర్లే.

పదేళ్లుగా లండన్‌లో మరో రకం హోటళ్లు పుట్టాయి. 2017లో మొదలైన ఇకోయి, లాగోస్‌లోని ఒక పేట పేరు పెట్టుకుని పశ్చిమాఫ్రికా మసాలాలతో కొత్త వంటలు చేసి మిషెలిన్ స్టార్లు తెచ్చుకుంది. 2024లో అడెజోకె బకారె నడిపే చిషురుకు స్టార్ వచ్చింది. బ్రిటన్‌లో ఆ గుర్తింపు పొందిన మొదటి నల్లజాతి మహిళా షెఫ్ ఆవిడే. అక్కడ సేవకు వంకపెట్టేవాళ్లు తక్కువ. ఇంత చిన్న పళ్లేనికి ఇంత ధరా అని నొచ్చుకునే నైజీరియన్లు మాత్రం ఉన్నారు. పళ్లెం పొంగిపొర్లితేనే భోజనం అనుకునేవాళ్లకు ఆ మాత్రం కోపం సహజం.

చివరగా శాకాహారులకు ఒక మాట. పేరులో ఆకుకూర ఉందని నమ్మకండి. దాదాపు ప్రతి పులుసులోనూ ఎండు రొయ్యల పొడి పడుతుంది, జొలోఫ్ చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. బొబ్బర్లు రుబ్బి నూనెలో వేసే అకారా, వేయించిన అరటిపండు డోడో, గోంగూర జాతి మొక్క పూల ఎర్రటి పుల్లని రక్షకపత్రాలు కాచి చేసే జోబో పానీయం సాధారణంగా ఇబ్బంది పెట్టవు. మిగతావాటికి ముందే ఫోన్ చేసి, రొయ్యల పొడి లేకుండా ఏం వండగలరో కనుక్కుని వెళ్లండి.