బిళ్ళ పడితేనే తిరిగే పిడి

అమెరికా సినిమా ఏదో చూసొచ్చిన తొమ్మిదో తరగతి కుర్రాడు క్లాసులో అడిగాడు: "సార్, వాళ్ళ పెట్రోలు బంకుల టాయిలెట్లలో గోడకి పెట్టెలుంటాయి. డబ్బులేస్తే దువ్వెన, సెంటు, ఇంకా ఏవేవో ఇస్తాయి. అవి అక్కడ ఎవరు కొంటారు సార్?" ఆ "ఏవేవో" దగ్గర వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. సగం జవాబు ఆ నవ్వులోనే ఉంది. కండోమ్ కావాలని కొట్టువాణ్ణి నోరు తెరిచి అడగలేనివాళ్ళు కొంటారు. ఉన్నపళంగా ప్యాడ్ అవసరపడ్డ ఆడవాళ్ళు కొంటారు. మొహం కడుక్కున్నాక దువ్వెన లేదని గుర్తొచ్చిన లారీ డ్రైవరు కొంటాడు.

నాకు మాత్రం కొనేవాళ్ళకంటే ఆ పెట్టె మీదే మోజు.

నాణెం వేస్తే సరుకిచ్చే యంత్రం గురించి మనకు తెలిసిన తొలి వర్ణన కూడా కడుక్కోవడం గురించే. క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియావాడైన హీరో అనే ఆయన రాశాడు: గుడికొచ్చినవాళ్ళు అయిదు ద్రాక్మాల నాణెం వేస్తే శుద్ధికి నీళ్ళొస్తాయి. నాణెం పడ్డ బరువుకి కాడ ఒకవైపు వంగుతుంది, రెండో కొస లేచి మూత తెరుస్తుంది, నాణెం జారిపోగానే మూత పడిపోతుంది.

టాయిలెట్ గోడకు కరెంటు ఉండదు, తడి ఎప్పుడూ ఉంటుంది. అందుకే పాత పెట్టెలకు ప్లగ్గే లేదు. పిడి తిప్పితే లోపల చక్రం కదులుతుంది. దాని అంచున బిళ్ళ కూర్చునే గాడి, పైన స్ప్రింగు కొక్కెం. గాడి ఖాళీగా ఉంటే కొక్కెం అందులో పడి చక్రాన్ని పట్టేస్తుంది. సరైన బిళ్ళ ఉంటే దాని అంచు మీదుగా జారిపోతుంది. యంత్రంలో ఒక భాగం తక్కువ. దాన్ని కొనేవాడే జేబులోంచి తెచ్చి పెడతాడు!

ఈ కిటుకు పట్టినవాళ్ళు అదే కొలతకు ఇనుము, సీసం కత్తిరించి వేశారు. పెద్ద యంత్రాలవాళ్ళు దానికి కనిపెట్టిన విరుగుడంటే నాకు ప్రాణం. బిళ్ళ వాలుగా దొర్లుతూ అయస్కాంతం పక్కగా పోతుంది. ఇనుమైతే అక్కడే అతుక్కుంటుంది. వెనక్కిచ్చే మీట నొక్కితే ఊడి బయట పడుతుంది. రాగి, వెండి అతుక్కోవు, కానీ వాటిలో సుడులు తిరిగే విద్యుత్తు, అంటే ఎడ్డీ ప్రవాహాలు పుట్టి, లెంజ్ నియమం చెప్పినట్టే కదలికకు అడ్డుపడతాయి. విద్యుత్తు బాగా పారే లోహం బాగా నెమ్మదిస్తుంది. సీసం బరువెక్కువ, వాహకత్వం తక్కువ, కాబట్టి దాదాపు అదే ఊపుతో పోతుంది. వాలు చివర అన్నీ గాల్లోకి దూకుతాయి: నెమ్మదైనది ఇవతలే పడుతుంది, దూకుడుది అవతల పడుతుంది, అసలుది సరిగ్గా గల్లా దారిలో పడుతుంది. 1965లో అమెరికా తన నాణేల్లో వెండి తగ్గించినప్పుడు, ఈ యంత్రాలు తిరస్కరించకుండా ఉండాలనే రాగి మీద రాగి-నికెల్ పొర వేసిన లోహాన్ని ఎంచుకుంది. ఒక దేశపు ఖజానా గోడమీది పెట్టె మాట వినాల్సొచ్చింది.

మన దగ్గర ఈ ఎత్తు పారదు. మన స్టీలు రూపాయి బిళ్ళ అయస్కాంతానికే అతుక్కుంటుంది. అయిదు రూపాయల్లో 9 గ్రాముల పాత మందపు బిళ్ళా ఉంది, 6 గ్రాముల పసుపు బిళ్ళా ఉంది. ప్యాడ్‌ల పెట్టె ఒకదాన్ని మింగి ఇంకోదాన్ని కక్కితే ఆశ్చర్యమేముంది?

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1883లో పెర్సివల్ ఎవరిట్ లండన్‌లో పోస్టుకార్డుల యంత్రం పెట్టాడు. 1928లో జర్మనీలో ఫ్రామ్స్ కంపెనీ కండోముల యంత్రం తెచ్చింది. అమెరికాలో అలాంటి పెట్టెల మీద "రోగ నివారణకు మాత్రమే" అని అచ్చువేసి చట్టాన్ని బుజ్జగించేవారు. ఇప్పుడు మన ప్యాడ్‌ల పెట్టెలకీ క్యూఆర్ కోడ్ అంటిస్తున్నారు; చిల్లర బాధ తప్పింది. ఇంట్లో అందరికీ ఒకే బ్యాంకు ఖాతా ఉన్న అమ్మాయి మాత్రం ఇంకా బిళ్ళ కోసమే పర్సు వెతుక్కుంటుంది.