కాలిబంతి చరిత్ర – ఒక తీర్మానముల పుస్తకము

ఫుట్‌బాల్, అనగా కాలిబంతి ఆట, ఎరుగనివారు అరుదు. కాని దాని నియమములు ఎచట, ఎట్లు ఏర్పడినవో ఎరిగినవారు కొందరే. ఆ చరిత్రను భద్రపరచుటకై ఇంగ్లండులో జాతీయ ఫుట్‌బాల్ ప్రదర్శనశాల ఒకటి కలదు. 2001లో ప్రెస్టన్ పట్టణమున ప్రారంభమైన ఈ సంస్థ 2012లో మాంచెస్టరు నగరమునకు మార్చబడినది. బంతులు, ఆటగాండ్ర దుస్తులు, పతకములు అచట కలవు. అయితే పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపదగినది, అచట ప్రదర్శింపబడిన ఒక మినిట్సు పుస్తకము.

పూర్వము ఇంగ్లండులో ఒక్కొక్క పాఠశాలవారు ఒక్కొక్క తీరున ఈ ఆట ఆడెడివారు. బంతిని చేతపట్టి పరుగిడవచ్చునని కొందరు, ఎదుటివాని కాలిపై తన్నుటయు ఆటలో భాగమేయని కొందరు వాదించెడివారు. జట్లు కలిసినచోట తగవు తప్పెడిది కాదు. 1863 అక్టోబరు 26న కొన్ని సంఘముల ప్రతినిధులు లండనులో సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించిరి. ఆరు సమావేశముల చర్చ పిమ్మట పై రెండు పద్ధతులును నిషేధింపబడినవి. సమ్మతింపని బ్లాక్‌హీత్ సంఘము వైదొలగినది. కార్యదర్శి ఎబెనెజర్ కాబ్ మార్లీ ఆ నియమములను స్వహస్తముతో పుస్తకమున వ్రాసెను. నేడు ప్రపంచమంతట ఆడబడు ఆటకు మూలము ఆ వ్రాతయే.

అదే సంస్థ 1921 డిసెంబరులో మరియొక తీర్మానము చేసినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ప్రెస్టన్‌లోని డిక్, కెర్ కర్మాగారపు స్త్రీలు ఒక జట్టుగా ఏర్పడి, ధర్మకార్యములకై ధనము కూర్చుచు ఆడుచుండిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వారి ఆట చూచుటకు 53,000 మంది వచ్చిరి. అయినను, ఈ ఆట స్త్రీలకు తగదని నిర్ణయించి, తన సభ్యసంఘముల మైదానములను వారికి ఈయరాదని ఆ సంస్థ శాసించినది. సుమారు అర్ధశతాబ్దము ఆ నిషేధము సాగినది. ఆ జట్టులో పేరుగాంచిన లిల్లీ పార్‌ను ప్రదర్శనశాలవారు 2002లో తమ ప్రసిద్ధ క్రీడాకారుల పట్టికలో చేర్చి గౌరవించిరి. ఆ పట్టికకెక్కిన తొలి స్త్రీ ఆమెయే. 2019లో ఆమె విగ్రహమును గూడ అచట నెలకొల్పిరి.

ఒక తీర్మానము తగవు తీర్చినది. మరియొకటి అన్యాయము చేసినది. రెండును వ్రాతలో నిలిచినందుననే తరువాతివారు మొదటిదానిని అనుసరింపగలిగిరి, రెండవదానిని సవరింపగలిగిరి. పంచాయతీ కార్యాలయపు బీరువాలోని పాత తీర్మానముల పుస్తకములును ఇట్టివే. గ్రామమున బావి త్రవ్వించినదెవరో, బడికి స్థలమిచ్చినదెవరో, ఎవరి మాట త్రోసివేయబడినదో అవియే చెప్పవలెను. చెద పట్టిన పిమ్మట చెప్పువారుండరు. కావున వానిని నేడే వెలికితీసి, దులిపి, సంవత్సరముల వరుసను అమర్చి, తడి తగులనిచోట భద్రపరచుట సభ్యుల కర్తవ్యము.